సహజ భాషా ప్రాసెసింగ్: పాఠ్య విశ్లేషణ, చాట్‌బాట్ల ఆవిష్కరణలు – తెలుగు పదవిభజన సమస్య

వ్యాససంగ్రహం:
మనిషి రాసిన భాషను యంత్రంచేత విశ్లేషింపజేయడానికి, యంత్రంచేత సమాధానం చెప్పించడానికి గత ఏడు దశాబ్దాలలో అనేక ఆవిష్కరణలు జరిగాయి. వాటిని కాలక్రమంలో పరిచయం చేస్తూ, ప్రతి దశలోనూ తెలుగు పదనిర్మాణం ఆ ఆవిష్కరణకు ఎదురునిలిపిన ప్రశ్నను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వాక్యాన్ని ఎక్కడ ముక్కలు చేయాలన్న తొలి నిర్ణయమే తరువాతి ఫలితాలను చాలావరకు శాసిస్తుందని, ఆ నిర్ణయాన్ని పరీక్షించడంలో తెలుగు వ్యాకరణ పరిశోధనకు ముఖ్యమైన పాత్ర ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సహజ భాషా ప్రాసెసింగ్, చాట్‌బాట్, పదవిభజన, సంధి, పదాంశం, టోకెన్, యూనికోడ్, పాఠ్యనిధి.

1. ఉపోద్ఘాతం:
విద్యార్థి ఒక పద్యానికి తాత్పర్యం అడిగితే చాట్‌బాట్ క్షణాల్లో తెలుగులో సమాధానం ఇస్తోంది. వాక్యాలు చాలావరకు వ్యాకరణబద్ధంగానే ఉంటాయి. అయితే అదే యంత్రం ఒక్కోసారి పద్యంలో లేని పదానికి అర్థం చెబుతుంది. రాయని కవికి పద్యాన్ని అంటగడుతుంది. లేని గ్రంథాన్ని ప్రమాణంగా చూపుతుంది. దీన్ని చూసి కొందరు యంత్రానికి తెలుగు వచ్చేసిందని సంతోషిస్తున్నారు, మరికొందరు దీన్ని పూర్తిగా తోసిపుచ్చుతున్నారు. ఈ రెండు అభిప్రాయాలకూ ముందు తెలుసుకోవలసింది, యంత్రం తెలుగు వాక్యాన్ని అందుకోగానే ఏం చేస్తుందన్నది.

యంత్రం చేసే మొదటి పని వాక్యాన్ని ముక్కలు చేయడం. ఆంగ్లంలో పదాల మధ్య ఖాళీలు ఉంటాయి, పదరూపాలు తక్కువ. కాబట్టి ఈ పని అక్కడ సులభంగా కనిపించింది. తెలుగులో ఒక్క పదంలోనే వాక్యమంత విషయం ఇమిడి ఉండవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 8.11 కోట్ల మందికి మాతృభాష అయిన తెలుగుకు ఈ తొలి అడుగు ఎలా పడుతోందన్నది కేవలం సాంకేతిక విషయం కాదు.

2. ఎలైజా – రూపాన్ని మార్చి చెప్పే యంత్రం:
యంత్రం సంభాషణలో మనిషిని మరిపించగలదా అన్న ప్రశ్నను 1950లో అలన్ ట్యూరింగ్ చర్చకు తెచ్చాడు. అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ రూపొందించి 1966లో ప్రకటించిన 'ఎలైజా' తొలి చాట్‌బాట్‌గా ప్రసిద్ధి పొందింది. బెర్నార్డ్ షా నాటకం 'పిగ్మేలియన్'లోని కథానాయిక పేరు దానికి పెట్టారు. మానసిక చికిత్సకుడిలా సంభాషించే రూపంలో అది బాగా పేరు పొందింది. అవతలివ్యక్తి వాక్యంలోని కీలకపదాన్ని గుర్తించడం, ఉత్తమపురుషను మధ్యమపురుషగా మార్చడం, వాక్యాన్ని ప్రశ్నగా తిప్పి అడగడం దాని పద్ధతి. అర్థగ్రహణం అనేది అందులో లేదు. అయినా దానితో మాట్లాడినవారిలో కొందరు తమ మనసులోని మాటలు చెప్పుకోవడం చూసి వైజెన్‌బామ్ కలవరపడ్డాడు. 1976లో వెలువరించిన తన గ్రంథంలో కంప్యూటర్లకు ఏ పనులు అప్పగించకూడదో చర్చించాడు.

ఎలైజా పద్ధతిని తెలుగుకు అన్వయించి చూస్తే భాషల మధ్య భేదం స్పష్టమవుతుంది. ఆంగ్లంలో సర్వనామాలను, సహాయక్రియను మార్చితే చాలావరకు పని పూర్తవుతుంది. తెలుగులో "నేను ఎవరితోనూ మాట్లాడను" అన్న వాక్యాన్ని "మీరు ఎవరితోనూ ఎందుకు మాట్లాడరు?" అని తిప్పాలంటే సర్వనామంతో పాటు క్రియాంత ప్రత్యయం కూడా మారాలి. "ఎవరితోనూ మాట్లాడను" అని కర్తను వదిలేసి చెబితే మార్చడానికి సర్వనామమే ఉండదు. పురుషబోధ అంతా చివరి 'ను'లోనే ఉంటుంది. "నాకు బాధగా ఉంది" అంటే అనుభవించే వ్యక్తి 'కు' విభక్తితో కనిపిస్తాడు, క్రియ మారదు. పైగా 'మాట్లాడవు' అనాలా, 'మాట్లాడరు' అనాలా అన్న మర్యాద నిర్ణయం తప్పదు. అంటే అర్థంతో పనిలేని అతి సామాన్యమైన చాట్‌బాట్‌కు కూడా తెలుగులో పదవిభజన కావలసిందే.

3. లెక్కింపు పద్ధతులు – 'లేదు' చెప్పే పాఠం:
భాషను లెక్కలతో పరిశీలించే ప్రయత్నం చాట్‌బాట్ల కన్నా పాతది. రష్యన్ గణితవేత్త మార్కోవ్ 1913లో పుష్కిన్ రచన 'యెవ్‌గెనీ ఒనెగిన్' నుంచి 20,000 అక్షరాలు తీసుకుని అచ్చుల, హల్లుల క్రమాన్ని లెక్కించాడు. ముందున్న అక్షరాన్ని బట్టి తరువాతి అక్షరం సంభావ్యత మారుతుందని చూపాడు. నేటి భాషా నమూనాల మూలసూత్రం అక్కడే ఉంది. 1972లో కరెన్ స్పార్క్ జోన్స్ మరో ముఖ్య సూత్రాన్ని ప్రతిపాదించింది. ఒక పదం ఎన్ని ఎక్కువ పత్రాలలో కనిపిస్తే, ఒక పత్రాన్ని తక్కినవాటి నుంచి వేరుచేయడంలో దాని విలువ అంత తక్కువ. సమాచార అన్వేషణ వ్యవస్థలు దశాబ్దాలపాటు ఈ సూత్రం మీద ఆధారపడ్డాయి.

ఈ పద్ధతులు పదాన్ని ఒక గింజలా భావించి లెక్కపెడతాయి. తెలుగులో 'ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇళ్ళు, ఇళ్ళల్లో' అన్నవి యంత్రం దృష్టిలో ఐదు వేర్వేరు గింజలు. 'ఇల్లు' అని వెతికిన పరిశోధకుడికి 'ఇంటి' అన్న ఔపవిభక్తిక రూపమున్న పత్రం దొరకదు. రెండింటికీ మొదటి అక్షరం తప్ప పోలికే లేదు కాబట్టి పదం చివర నాలుగు అక్షరాలు కత్తిరించే మోటు పద్ధతి కూడా ఇక్కడ పనికిరాదు.

అభిప్రాయ విశ్లేషణలో సమస్య మరింత సూక్ష్మమైనది. పాఠకుల అభిప్రాయాలను అనుకూల, ప్రతికూల వర్గాలుగా విభజించే వ్యవస్థకు 'లేదు' అన్నది వ్యతిరేకతకు గుర్తు అని నేర్పామనుకుందాం. 'బాగాలేదు', 'బాలేదు' అన్నవాటిని అది సరిగానే ప్రతికూలంగా గుర్తిస్తుంది. కానీ 'పర్వాలేదు' అంటే ఓ మోస్తరు ఆమోదం. 'తిరుగులేదు', 'సాటిలేదు' అంటే గొప్ప ప్రశంస. ఈ పదాలన్నింటి చివరా 'లేదు' ఉంది. పదాన్ని విడదీయకపోతే యంత్రానికి వ్యతిరేకార్థం అసలు కనిపించదు. యాంత్రికంగా విడదీస్తే ప్రశంస నిందగా మారుతుంది. కాబట్టి విభజన ఎంత అవసరమో, ఎక్కడ విభజించకూడదో తెలియడం అంతే అవసరం.

4. తెలుగు పదం – వ్యాకరణం అందించిన మార్గం:
"వెళ్ళాలనుకుంటున్నానన్నాడు" అన్నది రాతలో ఒకే పదం. దీనిలో 'వెళ్ళాలి', 'అనుకుంటున్నాను', 'అన్నాడు' అన్న మూడు క్రియారూపాలున్నాయి. మొదటి రెంటికీ కర్త ఒక దృష్టిలో 'నేను', చివరిదానికి 'అతను'. వాస్తవంలో ఇద్దరూ ఒకే వ్యక్తి కావచ్చు. ఇదే మాటను 'వెళ్ళాలి అనుకుంటున్నాను అన్నాడు' అని విడివిడిగా రాసేవారూ ఉన్నారు. సంధి చేసినా చేయకపోయినా అర్థం మారదు, కానీ యంత్రం చూసే అక్షరక్రమం మారిపోతుంది. దీనికి ప్రాంతీయ రూపాలు తోడవుతాయి. 'చేస్తున్నాడు' అన్న క్రియ 'చేస్తుండు', 'చేస్తా ఉండాడు', 'చేస్తన్నాడు' వంటి రూపాలలో కనిపిస్తుంది.

చిన్నయసూరి బాలవ్యాకరణం ఏ సంధి నిత్యమో, ఏది వైకల్పికమో వివేచించింది. సంధి నియమాలు రెండు పదాలు కలిసే తీరును చెబుతాయి. యంత్రానికి కావలసింది దీనికి విలోమమైన పని, అంటే కలిసిన రూపం నుంచి మూలపదాలను రాబట్టడం. కలపడంలో ఒకే ఫలితం వచ్చేచోట విడదీయడంలో అనేక అవకాశాలు ఎదురవుతాయి. లోపించిన అచ్చు ఇకారమో ఉకారమో మిగిలిన రూపం చెప్పదు, దాన్ని నిఘంటువు, సందర్భం కలిసి తేల్చాలి.

ఈ దిశలో హైదరాబాదులో గణనీయమైన కృషి జరిగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్య జి. ఉమామహేశ్వరరావు తెలుగు పదరూప విశ్లేషకం మీద దీర్ఘకాలం పనిచేశారు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఐఐఐటీ హైదరాబాద్‌లోనూ కొనసాగిన 'అనుసారక' వ్యవస్థ తెలుగుతో సహా పలు భారతీయ భాషల పాఠ్యాన్ని హిందీ పాఠకులకు అందించే ప్రయత్నం చేసింది. పాణినీయ కారక సిద్ధాంతాన్ని యంత్ర విశ్లేషణకు అన్వయిస్తూ అక్షర భారతి, వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ పేర్లతో 1995లో వెలువడిన గ్రంథం నేటికీ చదవదగినది. పదక్రమం స్వేచ్ఛగా ఉండే భాషలలో కర్తను స్థానాన్ని బట్టి కాక విభక్తిని బట్టి గుర్తించాలన్న దాని వాదన తెలుగుకు నేరుగా వర్తిస్తుంది.

5. పదం నుంచి సందర్భానికి:
ఒక పదం అర్థాన్ని దాని చుట్టూ ఉండే పదాలు తెలుపుతాయన్న భావనను 1950లలో భాషాశాస్త్రవేత్తలు హారిస్, ఫర్త్ ముందుకు తెచ్చారు. 2013లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన 'వర్డ్‌టువెక్' దాన్ని విస్తృతంగా ఆచరణలోకి తెచ్చింది. పుష్కలమైన పాఠ్యాన్ని చదివించి ప్రతి పదానికీ కొన్ని వందల సంఖ్యల వరుసను, అంటే ఒక సదిశను, కేటాయించడం దాని పద్ధతి. దగ్గరి అర్థాలున్న పదాల సదిశలు దగ్గరగా చేరతాయి. అయితే పదరూపాలు విస్తారంగా ఉన్న భాషలో ఒక్కో రూపం పాఠ్యనిధిలో అరుదుగానే తటస్థపడుతుంది. ఆ లోటు తీర్చడానికి పదం లోపలి అక్షర గుచ్ఛాలను కూడా లెక్కలోకి తీసుకునే 'ఫాస్ట్‌టెక్స్ట్' పద్ధతి తరువాత వచ్చింది. తెలుగు వంటి భాషలకు అది మేలు చేసింది.

వర్డ్‌టువెక్‌కు మరో పరిమితి ఉంది. ఒక పదానికి ఒకే సదిశ. 'వాడి పుస్తకం', 'వాడి బాణం', 'మందు వాడి చూశాడు' అన్న మూడు ప్రయోగాలలో 'వాడి' అన్న రూపం ఒకటే. మొదటిదాంట్లో అది 'అతని', రెండోదాంట్లో 'పదునైన', మూడోదాంట్లో 'ఉపయోగించి'. 2017లో ఎనిమిది మంది పరిశోధకులు ప్రకటించిన 'ట్రాన్స్‌ఫార్మర్' నిర్మాణం ఈ చిక్కుకు బలమైన పరిష్కారం చూపింది. దాని కేంద్రభావన 'అటెన్షన్', మన మాటల్లో అవధానం. వాక్యంలోని ప్రతి ముక్కా తక్కిన ముక్కలలో వేటిని ఎంతగా పట్టించుకోవాలో లెక్కకట్టి, దాన్ని బట్టి తన సదిశను సవరించుకుంటుంది. 'బాణం' పక్కనున్న 'వాడి'కీ, 'మందు' పక్కనున్న 'వాడి'కీ వేర్వేరు సదిశలు ఏర్పడతాయి. 2018లో వచ్చిన 'బెర్ట్', అదే సంవత్సరం మొదలైన 'జీపీటీ' నమూనాలు ఈ నిర్మాణం మీదే ఆధారపడ్డాయి. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. అవధానం పనిచేసేది ముక్కల మధ్య. ఆ ముక్కలను నిర్ణయించేది అంతకుముందు దశ.

6. టోకెన్ – అక్షరానికి అయ్యే ఖర్చు:
ఆ ముక్కలనే టోకెన్లు అంటారు. వాటిని నిర్ణయించడానికి ఎక్కువగా వాడే పద్ధతి మొదట భాష కోసం పుట్టలేదు. దత్తాంశాన్ని కుదించి నిల్వచేయడానికి 1994లో ఫిలిప్ గేజ్ దాన్ని ప్రతిపాదించాడు. సుమారు రెండు దశాబ్దాల తరువాత సెన్రిచ్ బృందం యంత్రానువాదానికి దాన్ని అన్వయించింది. పక్కపక్కన తరచుగా వచ్చే జంటను ఒకటిగా కలపడం, మళ్ళీ లెక్కించి మళ్ళీ కలపడం, నిర్ణీత సంఖ్యలో ముక్కలు తయారయ్యేదాకా ఇలా కొనసాగించడం. ఇందులో వ్యాకరణం లేదు, తరచుదనమే ప్రమాణం. శిక్షణకు వాడిన పాఠ్యంలో ఏ భాష ఎక్కువగా ఉంటే ఆ భాషకు పెద్ద ముక్కలు దక్కుతాయి.

తెలుగు విషయంలో దీని ఫలితం చూద్దాం. యూనికోడ్‌లో తెలుగు విభాగానికి 128 స్థానాలున్నాయి. 'స్త్రీ' అన్నది మనకు ఒకే అక్షరం. యంత్రానికి అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం అన్న ఆరు సంకేతాల వరుస. విస్తృతంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి కాబట్టి 'స్త్రీ' మొత్తం 18 బైట్లు. ఆంగ్ల లిపిలో ఒక అక్షరానికి ఒకే బైటు. తెలుగు జంటలు తగినన్ని నేర్వని వ్యవస్థ బైట్ల స్థాయికి దిగిపోతే ఈ ఒక్క అక్షరం 18 టోకెన్ల దాకా కావచ్చు. ముక్క పడే చోటు పదాంశాల మధ్య కాక, ఒత్తుకూ దాని హల్లుకూ మధ్య కూడా ఉండవచ్చు.

ఈ తేడాను సంఖ్యలలో చూడవచ్చు. 2024 మే నెలలో జీపీటీ-4ఓ నమూనాను విడుదల చేస్తూ ఓపెన్ఏఐ సంస్థ ఒకే పరిచయ వాక్యాన్ని అనేక భాషలలో పోల్చి చూపింది. పాత విభజన పద్ధతిలో ఆ వాక్యానికి ఆంగ్లంలో 27 టోకెన్లు పడితే తెలుగులో 159 పడ్డాయి. కొత్త పద్ధతిలో అవి వరుసగా 24, 45 అయ్యాయి. అంటే తెలుగు వాక్యం ఆంగ్ల వాక్యానికి దాదాపు ఆరు రెట్లుగా ఉన్న స్థితి నుంచి రెట్టింపుకు కొంచెం తక్కువ స్థాయికి వచ్చింది. ఇది చెప్పుకోదగిన మెరుగుదల. అయినా యంత్రం ఒకేసారి గమనంలో ఉంచుకోగల పాఠ్యాన్ని టోకెన్లలోనే కొలుస్తారు. సంస్థలు రుసుము వసూలు చేసేదీ సాధారణంగా టోకెన్ల లెక్కనే. ఒకే సిద్ధాంతవ్యాసాన్ని తెలుగులో ఇచ్చిన పరిశోధకుడు ఆంగ్లంలో ఇచ్చినవారికన్నా ఎక్కువ చెల్లించి, తక్కువ భాగం చదివించుకోగలుగుతాడు.

7. చాట్‌బాట్ సమాధానం – సంభావ్యత, సత్యం:
2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలతో చాట్‌బాట్లు సామాన్యుల చేతికి వచ్చాయి. వీటి మూల శిక్షణ ఒక్కటే, ఇప్పటిదాకా వచ్చిన టోకెన్లను బట్టి తరువాతి టోకెన్‌ను ఊహించడం. ఆపైన మనుషులు మెచ్చిన సమాధానాల వైపు నమూనాను మళ్ళించే శిక్షణ ఇస్తారు. ఊహించే ప్రక్రియలో సంభావ్యత ఉంటుంది, సత్యాసత్య పరీక్ష ఉండదు. తరచుగా రాయబడిన విషయంలో సంభావ్యమైన మాట చాలావరకు సత్యమే అవుతుంది. అరుదైన విషయంలో సంభావ్యంగా తోచే మాట కేవలం కల్పన కావచ్చు. అచ్చులో ఎంతో ఉండి అంతర్జాలంలో స్వల్పంగా ఉన్న తెలుగు సాహిత్య సమాచారానికి ఈ ప్రమాదం ఎక్కువ. ముందుగా సంబంధిత పత్రాలను వెదికి, వాటి ఆధారంగా సమాధానం చెప్పించే పద్ధతి 2020 నుంచి ప్రాచుర్యంలోకి వచ్చింది. అది కల్పనను తగ్గిస్తుంది. కానీ సరైన పత్రం దొరకాలంటే 'ఇల్లు'కూ 'ఇంటి'కీ ఉన్న సంబంధం యంత్రానికి తెలియాలి. మళ్ళీ మొదటి ప్రశ్నకే వస్తాం.

అనువాదఛాయలు మరో సమస్య. ఆంగ్లంలో ఉత్తమపురుష బహువచనం ఒక్కటే. తెలుగులో ఎదుటివారిని కలుపుకుంటే 'మనం', కలుపుకోకపోతే 'మేము'. ప్రభుత్వ సేవల చాట్‌బాట్ ఒక రైతుతో "మేము దరఖాస్తు చేయాలి" అంటే పని అధికారులదని, "మనం దరఖాస్తు చేయాలి" అంటే తాను కూడా చేయాలని అతను అర్థం చేసుకుంటాడు. 'నువ్వు', 'మీరు'ల ఎంపిక కూడా ఇలాంటిదే. ఇవి శైలికి సంబంధించిన చిన్న లోపాలు కావు, పౌరుడికి అందే సమాచారాన్నీ గౌరవాన్నీ నిర్ణయించే అంశాలు.

8. తెలుగు పరిశోధకుల ముందున్న పని:
వ్యాకరణ సూత్రాలను నేరుగా యంత్రంలోకి ఎక్కిస్తే సమస్యలన్నీ తీరతాయనడం సరికాదు. కేవలం నియమాలతో నడిచిన వ్యవస్థలు వాడుకభాష వైవిధ్యానికి తట్టుకోలేకపోయాయి. పెద్ద నమూనాలు ఏ సూత్రమూ చెప్పకుండానే తెలుగు వాక్యనిర్మాణాన్ని చాలావరకు పట్టుకున్నాయి. అయితే అవి ఎక్కడ తప్పుతున్నాయో చెప్పగలిగేది భాష తెలిసినవారే. ఆ దృష్టితో మూడు పనులు మన పరిధిలో ఉన్నాయి.

మొదటిది పాఠ్యనిధి. డెస్క్‌టాప్ ప్రచురణ మొదలైన కాలం నుంచి లెక్కలేనన్ని తెలుగు పుస్తకాలు, సిద్ధాంతవ్యాసాలు యూనికోడేతర ఫాంట్లలో తయారయ్యాయి. కంటికి అవి చక్కని తెలుగే. యంత్రానికి మాత్రం అర్థంలేని లాటిన్ గుర్తుల వరుస. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, సరిచూసి, ప్రాంతీయ రచనలతో సహా అందుబాటులో ఉంచనంతవరకు మన పరిశోధన యంత్రానికి లేనట్టే.

రెండవది పరీక్షాసామగ్రి. 2020లో గూగుల్ పరిశోధకులు వెలువరించిన 'టైడీ క్యూఏ' అన్న ప్రశ్నోత్తరాల సంకలనంలోని 11 భాషలలో తెలుగు ఒకటి. ప్రశ్నలను ఆంగ్లం నుంచి అనువదించకుండా ఆయా భాషీయులచేతనే రాయించడం దాని విశిష్టత. అదే పద్ధతిలో సంధి, వ్యతిరేకార్థకాలు, మనం–మేము భేదం, మర్యాదవాచకాల మీద పరీక్షలు రూపొందించవచ్చు. 'తిరుగులేదు', 'బాగాలేదు' వంటి జంటలను వంద సేకరించి, ఏ చాట్‌బాట్ ఎన్నింటిని సరిగా గ్రహించిందో నమోదు చేయడం స్నాతకోత్తర విద్యార్థులు ఒక సెమిస్టరులో చేయగల పని.

మూడవది సహకారం. కేంద్రప్రభుత్వం 2022లో ప్రారంభించిన 'భాషిణి', ఐఐటీ మద్రాసులోని 'ఏఐ4భారత్' బృందం 2023లో 22 షెడ్యూల్డు భాషలకు అందించిన 'ఇండిక్‌ట్రాన్స్2' అనువాద నమూనా భారతీయ భాషల కోసం జరుగుతున్న ప్రయత్నాలు. వీటికి ఇంజనీర్లతో పాటు ఏ రూపం ఎందుకు తప్పో వివరించగల భాషావేత్తలూ అవసరం.

9. ముగింపు:
మార్కోవ్ లెక్కింపు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ వరకు ప్రతి ఆవిష్కరణా భాషను ముక్కలుగా చూసి, ఆ ముక్కల మధ్య సంబంధాన్ని కొలిచింది. సంబంధాన్ని కొలిచే సాధనాలు ఎంతో ఎదిగాయి. ముక్కను నిర్ణయించే సాధనం మాత్రం ఇప్పటికీ తరచుదనం మీదే నడుస్తోంది. ఆంగ్లంలో ఈ లోపం పెద్దగా కనిపించదు. తెలుగులో అది ఖర్చుగా, అపార్థంగా, కల్పిత ప్రమాణంగా బయటపడుతుంది. చాట్‌బాట్ చెప్పిన ఆధారాన్ని మూలగ్రంథంతో సరిచూడకుండా పరిశోధనలో స్వీకరించరాదన్నది తక్షణ జాగ్రత్త. పదం ఎక్కడ విడుతుందో, ఎక్కడ విడదీస్తే అర్థం చెడుతుందో తెలుగు వ్యాకరణ పరిశోధన ఎంతోకాలంగా చర్చిస్తోంది. ఆ జ్ఞానాన్ని పరీక్షలుగా, పాఠ్యనిధులుగా మలచడం ఇప్పుడు తెలుగు శాఖలు చేపట్టవలసిన పని.